కేసీ కాలువలో ఓడదొంగలు

మా అన్నకు ఇంగ్లీషు రాదు. అయినా తొమ్మిదేళ్ల పాటు, ఆదివారం పొద్దున పదకొండింటికి, ఒకే ఒక ఇంగ్లీషు సినిమాకు ఆళ్లగడ్డ ఊరందరికీ తెలుగు చెప్పాడు. నాకు ఇంగ్లీషు వచ్చు. నంద్యాలలో ఒక కాలేజీ లైబ్రరీలో ముప్పయ్యేళ్లు పని చేశాను. ఆ సినిమా ఆగిపోవడానికి కారణం నేనేనేమోనని చాలా ఏళ్లుగా అనుమానం. అన్న బతికి ఉన్నప్పుడు అడగలేదు. ఇప్పుడు అడగడానికి అన్న లేడు.

పోయి నెలన్నర అయింది. గుండె ఆగింది. పొద్దున లేచి, మొహం కడుక్కుని, కాఫీ ఇంకా రాలేదేమని వంటింటి వైపు ఒక కేక వేసి, కుర్చీలో కూర్చుని పోయాడు. చివరి మాట ఏమిటని వచ్చిన వాళ్లందరూ వదినను అడిగారు. "కాఫీ యాడ అన్నాడు" అని ఆమె ఉన్నది చెప్పింది. అది ఎవరికీ నచ్చలేదు. రెండో రోజుకల్లా అన్న దేవుణ్ణి తలుచుకుంటూ పోయాడని బజారులో అనుకోవడం మొదలైంది.

ఊళ్లో మూడు చోట్ల ఫ్లెక్సీలు కట్టారు. తెల్లటి మబ్బుల్లోంచి అన్న తల ఒక్కటే బయటికి వచ్చి ఉంది. ఆ ఫొటో ఆధార్ కార్డు కోసం దిగింది. దిగేటప్పుడు కరెంటు రెండుసార్లు పోయింది కాబట్టి మొహంలో ఆ విసుగు ఉంది. కింద 'అజాతశత్రువు' అని రాశారు. అన్న కేబుల్ టీవీ నడిపిన మనిషి. వాన పడితే చానళ్లు పోయేవి. వానాకాలమంతా ఊళ్లో సగం మంది అతనికి శత్రువులే. నాకు పెద్ద మాటల మీద నమ్మకం లేదు. అందుకే ఇది రాస్తున్నాను. అన్న చేసిన పని ఏమిటో ఎక్కడో ఒక చోట సరిగా ఉండాలి.

నంద్యాలలో సినిమా డిస్కులు అద్దెకిచ్చే అంగడి ఒకటి మూసేస్తుంటే అన్న వాటిని గోనెసంచిలో పోసుకుని తెచ్చుకున్నాడు. లోకల్ చానల్లో వేసుకోవచ్చని. అందులో ఈ డిస్కు ఉంది. అట్ట మీద గడ్డం పెంచిన ఒక మనిషి, పక్కన కిరీటం లాంటి టోపీ పెట్టుకున్న గాడిద. గడ్డం చూసి అన్న పౌరాణికం అనుకున్నాడు. అది ఓడదొంగల కథ. చాలా తరాల పిల్లలు చదివిన ఒక నవలను ఎవరో బొమ్మలతో, పాటలతో, హాస్యంగా తీశారు. దొంగల నాయకుడైన గడ్డపువాడు, ఒక కుర్రవాడు, ఈ ఇద్దరే మనుషులు. మిగిలిన వాళ్లందరూ స్పాంజితో, బొచ్చుగుడ్డతో చేసిన బొమ్మలు. కెప్టెన్ గాడిద. దొంగల్లో ముగ్గురు తొండలు. నోరు తెరిచి మూసేది ఒక చెయ్యి, చేతులు ఆడించేవి సన్నటి కడ్డీలు. నడుము కింద ఎవరికీ ఏమీ కనబడదు.

ఒక ఆదివారం వేయాల్సిన తెలుగు సినిమా డిస్కు గీతలు పడి ఇరుక్కుపోతే, చేతికందిన ఇది వేశాడు. పది నిమిషాలకు ఆఫీసు ఫోను మోగింది. ఆఫీసంటే బస్టాండు దగ్గర మేడ మీద ఒక గది. ఫోను ఎత్తే పని వదినది.

"ఏందక్కా ఈ బొమ్మలు? ఏం మాట్లాడతాండాయి?"

వదిన అన్న వైపు తిరిగింది. "ఏం మాట్లాడతాండాయంట?"

"నాకేం తెలుసు?"

"నీ చానల్లో మాట్లాడతాంటే, నీకు తెలియకపోతే ఎట్ల?"

ఆ గదిలో ప్రకటనలు చదవడానికి ఒక మైకు ఉండేది. అన్న సినిమా సౌండు తగ్గించి మైకు తీసుకున్నాడు. బొమ్మలు ఏం మాట్లాడుతున్నాయో అప్పటికప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ పూట తను ఏం చెప్పాడో తర్వాత అతనికే గుర్తులేదు. కానీ వచ్చే ఆదివారం కూడా అదే వేయమని ఫోన్లు వచ్చాయి.

కొన్ని వారాల్లో కథ ఒక దారిన పడింది. బస్టాండు పక్కన లాడ్జి నడిపే ఒకామె కొడుకు ఆ కుర్రవాడు. లాడ్జిలో చచ్చిపోయిన ముసలివాడి పెట్టెలో దొరికిన పటం గుప్తనిధులది. మా వైపు గుప్తనిధులంటే ఎవరికీ వివరించనక్కర్లేదు. నల్లమల అంచున పాత గుడి కనబడితే రాత్రికి రాత్రే నంది కింద గొయ్యి తవ్వేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గాడిద కెప్టెన్‌ను అన్న రిటైరైన సర్వేయరును చేశాడు. పటం చేతికి రాగానే గాడిద దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఈ సర్వే నంబరు తప్పు. దీన్ని కొలిచినోణ్ణి సస్పెండు చేసి ఉండల్ల" అనేది. సముద్రం మా పొలాలకు నీళ్లిచ్చే కేసీ కాలువ. ఓడ నంద్యాల వైపు నుంచి కాలువలో కిందికి వస్తుంది. దీవి అహోబిలం అడవి. కాలువలో అంత పెద్ద ఓడ ఎలా పడుతుందని ఒకరు ఫోను చేసి అడిగితే, "నీళ్లు వదిలినప్పుడు చూడు, పడుతుంది. వదలడమే ల్యా" అన్నాడు. ఆ వారం కాలువకు నీళ్లు వదలలేదు. అన్న జవాబు విని ఊరంతా నవ్వింది.

బొమ్మలకు కాళ్లెందుకు కనబడవని వదిన అడిగిందట.

"కాళ్లు ల్యావు వాళ్లకు. ఉంటే నడిచి పోతారు గానీ ఓడెందుకు?"

దొంగలు ఏ ఊరివాళ్లని చెప్పాలి అన్నది మా వైపు చిన్న విషయం కాదు. చుట్టుపక్కల ఏ ఊరి పేరు చెప్పినా సాయంత్రానికి ఆఫీసుకు మనుషులు వస్తారు. ఆలోచించి అన్న వాళ్లను డోన్ వాళ్లను చేశాడు. అంత దూరం నుంచి ఎవరొస్తారని. వచ్చారు. ఆళ్లగడ్డకు అల్లుడైన ఒక డోన్ మనిషి, ఆదివారం మామగారింట్లో భోజనానికి కూర్చుని, కోడికూర తింటూ ఇది విన్నాడు. చెయ్యి కడుక్కుని నేరుగా మేడెక్కాడు.

"ఏమన్నా, మా డోనోల్లు నీకేం చేసినారు?"

"ఏం చేయలేదప్పా. దూరముండారు, అంతే."

"దూరముంటే దొంగలమా?"

"కోపం చేసుకోవద్దు. వచ్చే వారం ఒకణ్ణి మంచోణ్ణి చేస్తాలే."

మాట తప్పలేదు. తర్వాతి వారం చిన్న తొండ ఓడ మీద నిలబడి, "నాది డోనే గానీ నేను దొంగను కాదు. జంక్షన్లో ట్రైను తప్పిపోయి దీంట్లో ఎక్కినా" అంది. ఆ అల్లుడు మామగారింట్లో ఒక్కసారిగా పెద్దమనిషి అయిపోయాడని విన్నాను.

పాటలు అన్న ముట్టుకోలేదు. తనకు గొంతు లేదని తెలుసు. పాట వచ్చినప్పుడల్లా సౌండు కొంచెం తగ్గించి ప్రకటనలు చదివేవాడు. దొంగలందరూ మగ్గులెత్తి చిందులు వేస్తుంటే, వాళ్ల మీదుగా, "నల్ల ఎనుము, ఎడమ కొమ్ము వంకర, నిన్న సంత దగ్గర తప్పిపోయినది, కనబడినోళ్లు పాల కేంద్రం దగ్గర చెప్పల్ల" అని వినబడేది.

బొమ్మలు ఎప్పుడూ అవే. మాటలు మాత్రం ప్రతివారం కొత్తవి. పత్తి విత్తనాలు మొలవకపోతే తొండలు దాని గురించి తిట్టుకునేవి. మునిసిపాలిటీ ట్యాంకరు రాకపోతే ఓడలో మంచినీళ్ల పీపా దగ్గర కొట్లాట జరిగేది. తొమ్మిదేళ్లు ఊరు ఒకే సినిమా ఎలా చూసిందని నన్నెవరైనా అడిగితే, ఊరు తన గురించి వినడానికి కూర్చుందని చెబుతాను. ఈ మాట అప్పుడు నాకు తోచి ఉంటే బాగుండేది.

అప్పుడు నాకు తోచింది వేరు. వేసవి సెలవుల్లో ఒక ఆదివారం ఆళ్లగడ్డ వెళ్లి అన్న పక్కన కూర్చున్నాను. ఆ నవల నేను చదివినదే. ఇరవై నిమిషాలు ఓర్చుకుని, పాట వచ్చి, ప్రకటనలు చదివేసి అన్న మైకు పక్కన పెట్టగానే చెప్పాను.

"అన్నా, గడ్డపాయన అక్కడ ఆ మాట అనడం లేదు."

"మరి ఏమంటాండాడు?"

చెప్పాను. అన్న శ్రద్ధగా విన్నాడు.

"ఇంతేనా?"

"అంతే."

"సరే, నువ్వు సదువుకున్నోడివి. రాసియ్యి రా అబ్బీ. అట్లనే చెప్తా."

అక్కడ ఆగి ఉండవచ్చు. నేను డిస్కుకు కాపీ తీయించి నంద్యాలకు తీసుకుపోయి, నెల రోజులు కూర్చుని, సినిమా మొత్తం తెలుగులో రాశాను. నలభై పేజీలు. ఒక్క అలంకారం లేదు. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. ఓడ భాగాల పేర్లు జనానికి తెలియవు కాబట్టి అంకెలు వేసి పేజీ అడుగున వివరణలు కూడా రాశాను. నా జీవితంలో అంత జాగ్రత్తగా చేసిన పని ఇంకొకటి లేదు. లైబ్రరీలో కూడా.

అన్న అది చదివే ఆదివారం నంద్యాల నుంచి పనిగట్టుకుని వెళ్లాను. అన్న స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, నా కాగితాలు ముందు పెట్టుకుని మైకు తీసుకున్నాడు. ఒక్క అక్షరం వదలకుండా చదివాడు. గాడిద ఏదో ఆజ్ఞ ఇచ్చి నోరు మూసేసింది. అన్న మాత్రం ఆగలేదు. "ఒకటో అంకె. ఓడలో ముందుకు చూస్తూ నిలబడినప్పుడు కుడివైపున ఉండే భాగము" అని అడుగున రాసింది కూడా చదివాడు. అప్పటికి తెర మీద తర్వాతి ఘట్టం వచ్చేసింది. రెండు తొండలు ఒకదాని తోక ఇంకొకటి పట్టుకుని గుంజుకుంటున్నాయి. వాటి మీద కుడివైపు భాగం గురించి వివరణ నడుస్తోంది.

"అన్నా, అది చదవక్కర్లేదు" అని మెల్లగా అన్నాను.

అన్న మైకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "రాసినావు కదా!"

ఫోన్లు మొదలయ్యాయి. వదిన ఎత్తి వింటోంది, ఒకటే జవాబు చెబుతోంది. "ల్యాదు, బాగానే ఉండాడు." "ల్యాదప్పా, జొరం ఏం ల్యా." ఒకరు ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగారు. ఇంకొకరు, పైనుంచి ఆర్డరు వచ్చిందా, ఇకమీద ఇట్లనే చెప్పాలా అని అడిగారు. నేను సాయంత్రం బస్సెక్కి వచ్చేశాను. మూడు వారాల తర్వాత ఆ సినిమా ఆగిపోయింది. ఏమైందని ఫోన్లో అడిగితే, "జనం మారినారు రా. అందరిండ్లకూ డిష్ యాంటెనాలొచ్చినాయి" అన్నాడు. అది నిజం కూడా. అందుకని నమ్మడం సులభమైంది. ఇంకొన్నేళ్లకు కేబుల్‌ను వేరేవాళ్లకు ఇచ్చేసి అన్న చేనుకు తిరగడం మొదలుపెట్టాడు. కలిసినప్పుడల్లా పంటలు, మోకాళ్ల నొప్పులు, ఆత్మకూరులో టీచరుగా ఉన్న తన కూతురు, ఇవే మాట్లాడుకున్నాం.

పెద్దదినం రోజు ఉన్నదంతా బయటికి వచ్చింది. కాకి వల్ల.

మా వాళ్లు సొంత చేనులోనే పూడ్చిపెడతారు. పెద్దదినం నాడు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి సమాధి దగ్గర ఆకులో పెడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిందని లెక్క. అదేమిటో ఊహించి, తీరుస్తామని కాకికి మాట ఇవ్వాలి. కాకి ఒప్పుకుంటే దిగి తింటుంది. అది తినేదాకా మనుషులెవరూ తినకూడదు. ఎండలో నలభై మందిమి ఆకు చుట్టూ నిలబడ్డాం. అన్నం, మటన్, ఉద్దివడలు, మైసూరుపాకు, ఒక గ్లాసు కాఫీ. కాకి వచ్చింది. మోటారు షెడ్డు మీద వాలి కూర్చుంది. అక్కడి నుంచి కదలలేదు.

పెత్తనం మా మేనమామది. అమ్మకు తమ్ముడు. ఎనభై దాటాయి, గొంతు మాత్రం ముప్పై దగ్గరే ఆగింది. ఆయన కాకితో బేరం మొదలుపెట్టాడు.

"నీ కూతుర్ని బాగా చూసుకుంటాంలేప్పా! రా!"

కాకి రెక్కలు ముక్కుతో గీక్కుంది.

"నీ మోటారు సైకిలు ఎవురికీ ఇయ్యంలే! అట్లనే తుడిచి పెడతాం!"

కాకి అటు తిరిగి కూర్చుంది.

"సమాధికి నల్లరాయి ఏపిస్తాం! ఇదో, రాయి చెక్కే ఆయప్ప ఈడనే ఉండాడు! నీ బొమ్మ చెక్కిస్తాం!"

కాకి లేచి ఇంకా దూరంగా వేపచెట్టు మీదికి పోయింది. రాయి చెక్కే అతను అన్నకు ఆఫీసు కింద పొరుగు. ఆళ్లగడ్డలో వీధికి పది మంది శిల్పులు ఉంటారు, అందులో ఒకడు. కాకి పోవడం చూసి అతని మొహం చిన్నబోయింది.

"మామా, మనం ఇంతమందిమి మీద పడి నిలబడితే అది ఎట్లొస్తుంది? నాలుగడుగులు వెనక్కి పోదాం" అన్నాను.

"నువ్వు గమ్మునుండు. పుస్తకాల్లో ఉండే కాకి కాదిది."

అప్పుడు వదిన ముందుకు వచ్చింది. కొంగు నడుములో దోపుకుని, వేపచెట్టు వైపు చూసి, పక్కింటి మనిషిని పిలిచినట్టు పిలిచింది.

"బొమ్మల సినిమా ఏస్తాం! రా!"

కాకి చెట్టు దిగి షెడ్డు మీదికి వచ్చింది. కానీ అక్కడే ఆగింది.

"ఏసేది కాదంట" అని మామ చెప్పాడు, కాకి ఆయన చెవిలో చెప్పినట్టు. "చెప్పల్లంట. ఎవురు చెప్తారో అడుగుతాంది."

వదిన నా వైపు తిరిగింది. నలభై మందీ తిరిగారు.

"నువ్వు చెప్పు, చెప్తానని."

"వదినా, నాకు చేతకాదు ఆ పని."

"నాకు కాదు. దానికి చెప్పు."

పదకొండు గంటల ఎండ. చిన్నపిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. ఒక పెద్దాయన తువాలు తల మీద కప్పుకుని నేల మీద కూలబడ్డాడు. నేను కాకివైపు చూసి, "చెప్తాను" అన్నాను. వినబడలేదని మామ మళ్లీ చెప్పించాడు. ఈలోగా జనం నన్ను చూడటానికి ఇటు జరిగారు. ఆకు దగ్గర జాగా ఖాళీ అయింది. కాకి దిగింది. వడల జోలికి పోకుండా మటన్ ముక్క ఒకటి పట్టుకుని లేచిపోయింది.

"చూడు, మీ అన్నే! మటనుంటే వడ ముట్టడు!" అని మామ నా వీపు మీద చరిచాడు.

జనం జరగడం వల్లే వచ్చిందని నాకు తెలుసు. చెప్పి లాభం లేదు. ఒక కాకికి, నలభై మంది సాక్షుల ముందు, మాట ఇచ్చి ఉన్నాను.

భోజనాలయ్యాక ఇంట్లో టీవీ ముందు అందరూ సర్దుకున్నారు. వదిన బీరువాలోంచి డిస్కు తీసింది. షామియానా వాళ్ల మైకు, స్పీకరు పెట్టె ఎలాగూ ఉన్నాయి. మైకు నా చేతిలో పెట్టారు. కుర్రవాడు లాడ్జి మెట్లు దిగుతున్నాడు. గాడిద నోరు తెరిచింది. నాకు తెలిసిన ఒకే ఒక పద్ధతిలో నేను మొదలుపెట్టాను.

"మనము రేపు ఉదయము బయలుదేరవలసి ఉన్నది. సరుకులన్నియు ఓడలోనికి చేర్చబడినవా?"

ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఇదేందిప్పా, రేషన్ షాపు నోటీసు చదివినట్ల చదువుతాండావు?" అన్నాడు మామ.

"అన్న అయితే ఈడ గాడిదకు దగ్గొచ్చేది" అని రాయి చెక్కే అతను సాయం చేయబోయాడు.

"దగ్గు కాదబ్బా, ఈడ ట్యాంకరు గురించి కదా!" అని వెనకనుంచి ఒకరు.

"ట్యాంకరు ఓడెక్కినాక. ఈడ ఎరువుల బస్తాలు" అని ఇంకొకరు.

"నీకేం తెలుసు? అప్పుడు నువ్వు కువైట్లో ఉంటివి!"

"కువైట్ నుంచి వచ్చినప్పుడు చూసినాలే!"

పెద్దదినం నాడు, పోయిన మనిషి ఫొటోకు దండ వేసి పెట్టిన గదిలో, గాడిద ఏమందో అని కొట్లాట మొదలైంది. అందరూ సరిగ్గానే చెబుతున్నారు. అన్న ప్రతివారం మార్చేవాడు కదా. ఎవరికి గుర్తున్న ఆదివారం వాళ్లది. ఆ గొడవ సందులో నేను మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్న వదిన వైపు వంగాను. ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగనని తెలుసు.

"వదినా, అన్న దీన్ని ఎందుకు మానేశాడు?"

"నీ వల్లే."

ఆమె గొంతు తగ్గించలేదు, పెంచనూ లేదు.

"నువ్వు రాసిచ్చినావు కదా. మూడు శనివారాలు అన్నం దగ్గర కూడా అదే చదువుతా కూర్చున్నాడు. జనం నవ్వల్యా. నా తమ్ముడు రాసింది తప్పుండదు, నాకే చదివేది రావడంల్యా అన్నాడు. సదువు ల్యాని నోటికి అది పట్టదు అన్నాడు. మానుకున్నాడు."

నేను ఊహించుకున్నది ఇది కాదు. నా మీద కోపంతో మానేశాడని అనుకున్నాను. అదే నయం. కోపమైతే కాలం గడిచే కొద్దీ తగ్గుతుంది.

"నాకు చెప్పి ఉండొచ్చు కదా, వదినా."

"నువ్వు అడిగితివా? ఇప్పుడు నాతో కాదు, దాంట్లో చెప్పు. గాడిద నోరు తెరిచి శానాసేపాయ."

తెర మీద గాడిద ఓడెక్కి దొంగల చేతిలో పటం చూస్తోంది. నేను మైకు ఎత్తాను. ఈసారి అది నిజంగా ఏమంటోందో వినడం మానేశాను. అది అనుకున్నంత సులభం కాదు. ముప్పయ్యేళ్లు ఉన్నది ఉన్నట్టు లైబ్రరీ కార్డుల మీద రాసిన చెయ్యి నాది.

"ఈ పటం ఆన్లైన్లో ఎక్కల్యా," అన్నాను గాడిద తరఫున. "మళ్లీ దరఖాస్తు పెట్టుకోపో."

వెనకనుంచి ఎవరో ఒకరు నవ్వారు. ఒక్కరే. అది చాలు. పెద్ద తొండ నోరు తెరిచింది. "పెద్దదినానికి పిలిచి ఇంకా భోజనం పెట్టల్యా మాకు. కాకి తినల్లంట ముందు." ఇంకొంత మంది నవ్వారు. రెండో తొండ చేత కాకికి నల్లరాయి ఎందుకు నచ్చలేదో చెప్పించాను. రాయి చెక్కే అతను అందరికంటే ఎక్కువ నవ్వాడు. మామ మీద ఒకటి అన్నాను. మామ నవ్వలేదు, కానీ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. నా గొంతు బాగాలేదు. మూడు తొండలూ ఒకే తొండలా వినబడుతున్నాయి. అన్న వాటికి మూడు గొంతులు ఇచ్చేవాడు. ఇదంతా ఆ గదిలో అందరికీ తెలుసు. ఎవరూ లేచి పోలేదు.

దొంగతనం బయటపడింది. నిధి దొరికింది, మళ్లీ చేజారింది. గడ్డపువాడు ఓడ మీదికి తిరిగి వచ్చి కెప్టెన్ ముందు తల దించుకుని నిలబడే ఘట్టం వచ్చింది. నా నలభై పేజీల్లో అక్కడ ఏం రాశానో నాకు కంఠతా వచ్చు. ఉరితీయకుండా విడిచిపెట్టమని అడుగుతాడు. గడ్డపువాడి పెదాలు కదిలాయి.

"అన్నా, తప్పు నాదే," అన్నాను. "నీకు రాదనుకున్నా. నాకే రాదు. ఏం రాదో కూడా నాకు తెలియదు. నీ బండి నడుస్తాంటే కొలతలు చూస్తానని చెప్పి ఆపేసినా."

గదిలో ఎవరూ దీన్ని పట్టించుకున్నట్టు లేదు. దొంగ పట్టుబడ్డాక ఏదో ఒకటి చెబుతాడు. పిల్లలు మైసూరుపాకు తింటున్నారు. గడ్డపువాడి మాట అయిపోయింది. ఇప్పుడు గాడిద వంతు. తెర నిండా గాడిద మొహం. నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. చాలా సేపు మాట్లాడే ఘట్టం అది.

ఈ పని గురించి నాకు ముందు తెలియని సంగతి ఒకటుంది. మైకు పట్టుకున్నవాడు ఇద్దరి మాటలూ చెప్పాలి. అడిగింది నేను. జవాబు కూడా నేనే చెప్పాలి. ఫరవాలేదు అనవచ్చు. గాడిద నోటికి అది సరిపోతుంది, ఎవరూ అడ్డం చెప్పరు. కానీ ఆ మాట అనడానికి నేనెవరిని? అన్న తరఫున నన్ను నేనే క్షమించుకుని, మైకు కింద పెట్టి, బస్సెక్కి నంద్యాలకు పోనా? నేను ఏమీ అనలేదు. గాడిద నోరు ఊరికే ఆడుతోంది.

"కరెంటు పోయిందా ఏంది?" అన్నాడు మామ.

"టీవీ ఆడతాంది కదా మామా. ఆయప్పకే పోయింది" అన్నారు ఎవరో, నన్ను చూపిస్తూ.

వదిన గోడ దగ్గర నుంచి లేచింది. అన్ని ఏళ్లు ఆఫీసు గదిలో ఫోన్లు ఎత్తిన మనిషి, మైకు ఎప్పుడూ పట్టుకోలేదు. నా చేతిలోంచి లాక్కుంది. మైకును నోటికి మరీ దగ్గరగా పెట్టుకోవడంతో స్పీకరు పెట్టె ఒకసారి కీచుమంది.

"సర్లేరా," అంది గాడిద. "మాటలాపి తాడు లాగు. అవతల నీళ్లు తగ్గుతాండాయి."

తెర మీద గడ్డపువాడు తాడు పట్టుకున్నాడు. వదిన మైకు నాకు తిరిగి ఇచ్చి, వెళ్లి మళ్లీ గోడకు ఆనుకుని కూర్చుంది. సినిమా ఇంకా పావుగంట ఉంది. చెప్పాను.